బస్సు వరసలో ఊళ్ళు

బందరులో నా ఉద్యోగం చెయ్యడం తేలికే, అదేమిటో చెప్పడమే కష్టం. "నకిలీ యాప్‌లు పట్టుకుంటానండీ" అంటే ఎదుటివాళ్ళు ముందు నన్ను పోలీసు అనుకుంటారు, తర్వాత నా లుంగీ చూసి కాదని తేల్చుకుంటారు. ఆఫీసు హైదరాబాదులో. నేను మాత్రం మా మేడమీది గదిలో ఫ్యాను కింద కూర్చుని, పెద్ద పెద్ద కంపెనీల యాప్‌లని అచ్చు గుద్దినట్టు తయారుచేసే దొంగలని వెతుకుతుంటాను.

ఎదురింటాయనకి రోల్డుగోల్డు పని. వరసేమీ లేకపోయినా బావా అనే పిలుస్తాను. "మన ఊళ్ళో కూర్చుని నకళ్ళు పట్టుకుంటావా? ముందు నన్ను పట్టుకో బావా" అంటాడు. ఈ హాస్యం మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. తర్వాత కూడా, వీధిలో ఎదురుపడ్డ ప్రతిసారీ అదే అంటుంటే ఒళ్ళు మండడం మొదలైంది. ఒకరోజు ఆగలేక అనేశాను. "నువ్వు రోల్డుగోల్డని చెప్పే అమ్ముతావు. కొట్టు బోర్డు మీదే రాసి ఉంటుంది. నేను పట్టుకునేవాళ్ళు బంగారమని చెప్పి అమ్ముతారు బావా." ఆయన "అయితే వాళ్ళకి పనితనం తక్కువన్నమాట" అన్నాడు.

పనైతే ఇలా ఉంటుంది. రెండు యాప్‌ల లోపలి రాత, అంటే కోడు, చూసి లాభం లేదు, దొంగ దాన్ని కొత్తగా రాసుకుంటాడు. రంగులు చూసీ లాభం లేదు, అవి మార్చడం క్షణం పని. అందుకని యాప్‌ని తెరిచి, ప్రతి తెరనీ ఫొటో తీసి, ఏ బటన్ ఎక్కడుంది, దాన్ని నొక్కితే ఎక్కడికి తీసుకెళ్తుంది అని ఒక పటంలా గీస్తాం. అసలుదాని పటం మీద అనుమానం ఉన్నదాని పటం పరుస్తాం. సున్నం రంగు వేరైనా గదులన్నీ ఒకేచోట ఉంటే ఆ ఇల్లు చూసే ఈ ఇల్లు కట్టారని తెలుస్తుంది కదా, అదే లెక్క. ఇందులో చాలామటుకు యంత్రమే చేస్తుంది. దాని చేత చేయించే ప్రోగ్రాములో నా చెయ్యీ ఉంది. ఆ ముక్క తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంత పని చేస్తున్నవాడిని, సొంతానికి ఒక చిన్న యాప్ కూడా చేసుకున్నాను. అది మా ఖాలా కోసం.

ఖాలా అంటే మా అమ్మకి అక్క. దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెకి కాపురానికి వెళ్ళింది. అక్కడ మనవాళ్ళవి నాలుగైదు ఇళ్ళే. మసీదు దూరం, అజాను ఆ ఊరిదాకా వినబడదు. ఇన్నేళ్ళు అక్కడ ఉండి ఉండి ఆవిడ ఉర్దూ కూడా దివిసీమ తెలుగులోకి ఒరిగిపోయింది. రోజాని ఒక్కపొద్దు అనే అంటుంది. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే నాకు ఒక్కపొద్దుండడం నేర్పింది ఆవిడే. నేను పెరట్లో దొంగతనంగా జామకాయ తిని, తినలేదని బొంకితే కొట్టలేదు. "తిన్నందుకు కాదురా. కడుపు ఒక్కటే ఒక్కపొద్దుంటే చాలదు, నోరు కూడా ఉండాలి. అబద్ధమాడితే ఆ పూటంతా పస్తున్నట్టే, ఒక్కపొద్దున్నట్టు కాదు" అంది. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఇప్పటికీ రంజాన్ నెలలో ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి "పనైపోయిందా" అంటే కాలేదని నిజమే చెప్పేస్తాను. వాళ్ళకది నచ్చదు.

ప్రతి రంజాన్‌కీ ఖాలాకి ఒక్కటే ఇబ్బంది. తెల్లవారుజామున సహరీ భోజనం ఎప్పుడు ఆపాలి? కొట్లవాళ్ళు పంచే క్యాలెండర్లలో హైదరాబాదు వేళలుంటాయి. మనకి హైదరాబాదు కంటే పది నిమిషాలు ముందే తెల్లారుతుంది. అక్కడివాళ్ళు ఇంకా అన్నం కలుపుకుంటుండగానే ఇక్కడ వేళ దాటిపోతుంది. దాటాక ఒక్క ముద్ద మింగినా ఆ రోజు ఒక్కపొద్దు చెల్లదు. ఇన్ని నిమిషాలు తగ్గించుకోండి అని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. ఖాలాకి పెద్ద అక్షరాలే కూడబలుక్కోవాలి. అందుకని ఎందుకొచ్చిన అనుమానమని చాలా ముందే చెయ్యి కడిగేసుకునేది. ఆవిడకి షుగరు. అంత ముందే ముగించేస్తే మధ్యాహ్నానికి కళ్ళు తిరిగేవి. ఒకసారి వంటింట్లో పడిపోయింది కూడా. ఒక్కపొద్దు మానెయ్యమంటే మాత్రం వినదు.

ఆ నిమిషాలు ఆవిడకి తిరిగి ఇద్దామని ఆ యాప్ చేశాను. ఒక గడియారం, కింద ఊళ్ళ పేర్లు, వేళ కాగానే ఒక కూత. అంతే. ఊళ్ళని అందరూ అక్షరక్రమంలో పెడతారు. ఖాలాకి అక్షరక్రమం తెలీదు, బస్సు తెలుసు. అందుకని గుడివాడలో ఎక్కి బందరు మీదుగా దివిలోకి దిగుతున్నట్టు పెట్టాను. గుడివాడ, గుడ్లవల్లేరు, పెడన, బందరు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక. "అన్నిటికన్నా కింద ఉన్నదే నాది" అని ఒక్కసారికే పట్టేసింది. మొదటి ఏడాది ఆవిడకి ఏ ఇబ్బందీ రాలేదు. ఆఖరి నిమిషం దాకా ఆగి, మందు వేసుకుని, నీళ్ళు తాగి, అప్పుడు ముగించేది. కళ్ళు తిరగలేదని చెప్పింది. నా ఉద్యోగంలో ఎవరూ అనని మాట అది, చాలా సంతోషం కలిగింది. మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మరికొందరు కూడా దాన్ని వేసుకున్నారు.

ఈ ఏడాది రంజాన్ దగ్గర పడుతుండగా యాప్‌లు పెట్టే స్టోరువాళ్ళ దగ్గరనుంచి సందేశం వచ్చింది. మీ యాప్ మరొకరి యాప్‌ని అనుకరిస్తోందని ఫిర్యాదు అందింది, కాబట్టి తొలగించాం అని. ముందు నేను నవ్వాను. ఎవరో ఆఫీసు స్నేహితుడు ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. స్టోరు తెరిచి చూస్తే నాది నిజంగానే లేదు. దాని చోట నాదే ఉంది, కాని నాది కాదు.

అదే ఆకుపచ్చ. అదే నెలవంక. గడియారం నేను ఒక పాత ఫోను మీద గీసినందువల్ల కాస్త ఎడమకి జరిగి ఉంటుంది, వాడిదీ ఎడమకే జరిగి ఉంది. నేను "సలహాలు" అని ఒక బటన్ పెట్టి, పూర్తిచెయ్యడానికి బద్ధకించి వదిలేశాను. దాన్ని నొక్కితే ఏమీ జరగదు. వాడు ఆ బటన్ కూడా పెట్టాడు. నొక్కాను. ఏమీ జరగలేదు. పనిచెయ్యని బటన్‌ని కూడా అంత శ్రద్ధగా దించినవాణ్ణి నేను ఈ ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు. ఆ కింద, గుడివాడనుంచి నాగాయలంక దాకా, బస్సు వరసలో మా ఊళ్ళు. వాడు ఎక్కడివాడో నాకు తెలీదు. ఆ బస్సు మాత్రం వాడు జన్మలో ఎక్కి ఉండడు. అదనంగా వాడు పెట్టినవి ప్రకటనలే, రెండు నొక్కులకొకటి.

దొంగే దొంగ, దొంగ అని అరిచాడు, ఊరంతా నా వెనక పడింది. సరే, నా పనే ఇది కదా అని ఫిర్యాదు రాశాను. గడియారం జరగడం, చచ్చిన బటన్, ఊళ్ళ వరస, అన్నీ ఫొటోలతో సహా పెట్టాను. ఈ వరసకి కారణం బస్సు అని, ఆ బస్సుకి కారణం మా ఖాలా అని కూడా రాశాను. పంపిన మరుక్షణమే జవాబొచ్చింది. మీ విన్నపాన్ని జాగ్రత్తగా పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు అని. మరుక్షణంలో ఎంత జాగ్రత్తగా పరిశీలిస్తారో నాకు అర్థం కాలేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే జవాబు, ఒక్క అక్షరం తేడా లేకుండా. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం మన బుగ్గలు చూస్తాడు.

ఆఫీసులో మా పైఆయనకి చెప్పాను. "మన ప్రోగ్రాములో వేసి చూశావా?" అన్నాడు. వేశాను. రెండు పటాలూ దాదాపు పూర్తిగా కలిశాయని చెప్పింది. అంతవరకు మెచ్చుకున్నాను. ఆ తర్వాత, వీటిలో అసలు ఏది, నకలు ఏది అన్నచోట వాడిది అసలని, నాది నకలని తేల్చింది. ఎందుకంటే ఎక్కువమంది ఫోన్లలో ఉన్నదాన్నే అసలనుకోమని మేమే దానికి నేర్పాం. పెద్ద కంపెనీలకి పనిచేస్తున్నాం కదా, వాళ్ళ విషయంలో అది ఎప్పుడూ తప్పలేదు. వాడు ప్రకటనలు తోసి తోసి నాకంటే ఎక్కువమంది చేత వేయించాడు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే నాకు ఆ రోజే తెలిసింది.

"నువ్వు మన ఖాతాదారుడివి కాదు కదా" అన్నాడు పైఆయన, జాలిగానే. "ఆ చిన్న యాప్‌ని పట్టుకుని ఎందుకు వేళ్ళాడతావు? వచ్చే నెలనుంచి మనకి గొంతుల పని వస్తోంది. దాని సంగతి చూడు." అని నాకొక రికార్డింగు పంపాడు. అందులో ఆయనే నా పేరు పెట్టి పిలిచి, నాకు సెలవు ఇస్తున్నట్టు చెప్పాడు. నిజంగా ఇచ్చాడేమోనని ఆశపడ్డాను. అది ఆయన గొంతు కాదట, ఆయన పాత మాటల్లోంచి యంత్రం చేసిందట. అలాంటివి పట్టుకోవడం కొత్త పని. పట్టుకోవడం ఎలాగో ఇంకా ఎవరికీ తెలీదని కూడా అన్నాడు.

ఇలా నా పరువు గురించి నేను కొట్టుకుంటుండగానే రంజాన్ వచ్చేసింది, సగం గడిచింది కూడా. ఒక సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక ఖాలా ఫోన్ చేసింది. కుశలప్రశ్నలయ్యాక, "నీ యాప్ సాయంత్రం పూట కాస్త మొద్దుబారింది రా. పొద్దు గుంకి మేం ఖర్జూరం తిన్నాక తీరిగ్గా కూస్తోంది. తెల్లారగట్ల మాత్రం బాగుంది. పోయినేడు కన్నా ఇంకొంచెం టైము చిక్కుతోంది, మందేసుకుని నిదానంగా నీళ్ళు తాగుతున్నా" అంది.

పోయినేడు నేను వేసింది ఆలస్యంగా కూయదు. కొత్తగా వేసుకుందామన్నా నాది స్టోరులోనే లేదు. మరి ఈవిడ ఫోనులో కూస్తున్నదేమిటి?

అడిగితే చెప్పింది. పాత ఫోను కాలవలో పడిందట. కొత్తది కొని, అవనిగడ్డలో ఫోన్ల కొట్టతన్ని "ఒక్కపొద్దుల యాప్, మావాడు చేసింది, పచ్చగా ఉంటుంది, అడుగున మా ఊరుంటుంది" అని అడిగి వేయించుకుందట. అతను వెతికాడు, పచ్చగా ఉంది, అడుగున నాగాయలంక ఉంది. పాపం అతన్ని ఏమని అనగలం? అప్పుడు ఆ యాప్‌లో నేను చూడనిది చూశాను. నా పరువు గొడవలో పడి తెరలే పోల్చుకున్నాను కాని వేళలు పోల్చుకోలేదు. తీసి చూశాను. గుడివాడ నొక్కినా, బందరు నొక్కినా, నాగాయలంక నొక్కినా ఒకే వేళ చూపించింది. హైదరాబాదు వేళ. వాడు బొమ్మ దించాడు, వేళ దించలేదు. దించాలని కూడా వాడికి తోచి ఉండదు.

అంటే మా ఖాలా ఈ నెలలో రోజూ వేళ దాటాక తిన్నది.

ఫోనులోనే సరిచేద్దామనుకున్నాను. "ఖాలా, ఆ పచ్చదాన్ని తీసెయ్" అంటే "పచ్చవి నాలుగున్నాయి రా" అంది. నెలవంక ఉన్నది అంటే రెండింటికి ఉందంది. ఏదో నొక్కింది, ప్రకటన వచ్చింది, దాన్ని నొక్కింది, ఎవరో మట్టిపాత్రలు అమ్ముతున్నారంది. చివరికి మనుమరాలిని చూపించే వాట్సాప్ కాస్తా తీసేసి, "పోయింది రా" అని సంతోషంగా చెప్పింది. నేను తల పట్టుకున్నాను. ప్రస్తుతానికి పాత రోజుల్లోలాగే చాలా ముందు ముగించమని చెప్పి, పొద్దున్నే బస్సెక్కాను. ఎక్కేముందు మా వీధి మసీదులో ఇమాముగారిని అడిగాను. తెలియక జరిగింది కాబట్టి పాపం లేదన్నారు. కాని ఆ ఒక్కపొద్దులు చెల్లవు, పండగయ్యాక మళ్ళీ ఉండాలన్నారు.

చల్లపల్లి దాకా నిలబడే వెళ్ళాను. అక్కడ సీటు దొరికింది. ఒక్కొక్క ఊరూ వస్తుంటే, కండక్టరు పేరు అరిచినప్పుడల్లా నాకు కోపం పెరిగింది. నేను వేసిన వరస అది. ఒక ముసలమ్మ దారి తప్పకుండా ఉండాలని వేశాను. ఆ వరసే ఆవిణ్ణి నమ్మించి తప్పుదారి పట్టించింది.

ఖాలా వసారాలో చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"రెండూ ఒకటేగా?"

"కాదు ఖాలా. ఇది నాది. అది ఎవడో నాది చూసి చేశాడు."

"ఎవడు?"

"తెలీదు."

"నీమీద వాడికేం పగ?"

"నేనెవరో కూడా వాడికి తెలీదు ఖాలా."

ఇదే ఆవిడకి ఎక్కలేదు. పగ లేకుండా ఇంత పని ఎవరు చేస్తారు? అప్పుడు వేళల సంగతి చెప్పాను. మెల్లగా చెప్దామని దారంతా మాటలు కూర్చుకున్నాను కాని, ఆవిడ నా మొహం చూసి సగంలోనే గ్రహించింది. బియ్యం చేట పక్కకి జరిపింది.

"మరి ఇప్పటిదాకా ఉన్నవి?"

ఇమాముగారు చెప్పిందే చెప్పాను. ఒంట్లో బాగాలేనివాళ్ళు మళ్ళీ ఉండక్కర్లేదు, దానికి బదులు బీదవాళ్ళకి అన్నం పెట్టొచ్చు అని కూడా చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇన్ని ఉన్నదాన్ని, ఉండలేనని ఏ నోటితో చెప్పను?" అంది. పండగయ్యాక అంటే ఎండలు ముదిరే రోజులు. ఆ ఎండల్లో ఆవిడ మళ్ళీ మొదటినుంచి ఉంటుందనుకుంటే నాకు ఏడుపొచ్చింది. కోపం అనుకున్నాను కాని అది ఏడుపే.

"ఇదివరకు చాలా ముందే ముగించేదాన్ని" అంది ఖాలా, నన్ను తప్పుపట్టడానికి కాదు, తనలో తను అనుకుంటున్నట్టు. "నువ్వు చేశావు గదా అనే ఆఖరిదాకా తిన్నా."

తర్వాత కొంగు తలమీదికి లాక్కుని లేచింది. మిగతా ఇళ్ళవాళ్ళకీ అది తనే వేయించిందట, మావాడు చేశాడని చెప్పి. "నేను వేయించినప్పుడు నేనే చెప్పాలి" అని వెళ్ళింది. నేనూ వస్తానంటే వద్దంది.

ఆవిడ వచ్చేలోగా పని పూర్తిచేద్దామని వాడి యాప్ తీసేశాను. నాది స్టోరులో లేదు కాబట్టి నా ఫోనులోంచి ఆవిడ ఫోనులోకి నేరుగా ఎక్కించబోయాను. తెరంతా ఎర్రగా అయింది. ఈ యాప్ మీకు హాని చెయ్యవచ్చు, వెంటనే తొలగించండి అని. అన్ని రోజులు వాడిదాన్ని ఒక్క మాట అనకుండా కడుపులో పెట్టుకున్న ఫోను ఇది. నేను దాన్ని తిడుతుండగా ఖాలా తిరిగొచ్చి వెనకనుంచి చూడనే చూసింది.

"నీదానికే ఎర్రగా వచ్చిందేంట్రా?"

చెప్పాను. స్టోరు, ఫిర్యాదు, మరుక్షణపు జవాబు, మా ఆఫీసు ప్రోగ్రాము, మొత్తం. ఎంత చెప్పినా నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఆవిడ ఓపిగ్గా విని, చాప మీద కూర్చుని, ఫోను నా చేతిలోనే ఉంచింది.

"దాన్నీ తీసెయ్" అంది. "రేపు వాడు ఇంకోటి చేస్తాడు, అది కూడా నీదాన్లాగే ఉంటుంది. ఏది నువ్వో నేనెట్టా పట్టేది? ఇంక ఇవేవీ వద్దు. సహరీకి రోజూ నువ్వే ఫోన్ చెయ్యి. నువ్వు ఆపమంటే ఆపుతా. నీ గొంతు నాకు తెలుసు." నా మొహంలోకి చూసి అడిగింది. "గొంతయితే ఎవడూ చెయ్యలేడు గదా?"

మా పైఆయన పంపిన యంత్రపు గొంతు ఇంకా నా ఫోనులోనే ఉంది.

"చెయ్యలేరు ఖాలా" అన్నాను.

పొద్దు ఇంకా వాలలేదు. నేనూ ఒక్కపొద్దులోనే ఉన్నాను. ఆవిడ నిశ్చింతగా చేట దగ్గరకి లాక్కుని మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

ఆ నెలలో మిగిలిన రోజులన్నీ ఫోన్ చేశాను. పండగయ్యాక, రోళ్ళు పగిలే ఎండల్లో, ఆవిడ తన ఒక్కపొద్దులు మళ్ళీ మొదలుపెట్టినప్పుడూ చేశాను. వాటిలో ఒక రోజు నేను కూడా ఒక్కపొద్దున్నాను. నా నెలంతా సరిగ్గానే గడిచింది కదా, నీకెందుకు మళ్ళీ అని అడిగింది.

నీకు తోడుగా అని చెప్పాను.